గొంతు అధ్యాయానికి ఉదాహరణలు

ముందే చెప్పేస్తున్నాను. ఈ కథలో నేను కల్పించింది ఒక్కటంటే ఒక్కటి లేదు. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు గింజకు గింజ కొలిచి పోస్తున్నాను. ఇందులో తాలు ఉందని ఎవరైనా రుజువు చేస్తే గరిటె ఎర్రగా కాల్చి నా నాలుక మీద వాత పెట్టండి. ఎలాగూ ముసలి నాలుక, పెద్ద నష్టం లేదు.

ఇక కంచు సంగతి.

కంచు అంటే గిన్నె కాదు, మనిషి. అచ్చాఫీసులో కాపీ చదివే ఉద్యోగం. రచయిత రాసిచ్చిన కాగితాలను ఒకరు పైకి చదువుతుంటే, అచ్చయి వచ్చిన ప్రూఫు ముందు పెట్టుకుని ఇంకొకరు తప్పులు దిద్దుతారు. అందులో చదివేవాడు కంచు. మేడ మీద గదిలో ఆయన చదువుతుంటే కింద యంత్రానికి నూనె పోసే మేస్త్రీకి కామాలూ ఫుల్‌స్టాపులతో సహా వినబడేది. ఆ మేస్త్రీ ఒక్క పుస్తకం కొనకుండానే పన్నెండు నవలలు, రెండు లెక్కల పుస్తకాలు విన్నాడు.

ఎదురుగా కూర్చుని దిద్దేవాడు పెన్సిలు బావ. నిజానికి ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు. పంతొమ్మిదేళ్ళ కిందట మొదటిరోజు కంచు "ఏం బావా, మొదలెడదామా?" అన్నాడు, ఆ పిలుపు ఖాయమైపోయింది. అప్పట్నుంచి ఆయన భార్య కంచుకు అక్కయ్య.

దిద్దేవాడు పని మధ్యలో మాట్లాడకూడదు. మాట్లాడితే వరస తప్పుతుంది. అందుకని పెన్సిలు మొనతో వాక్యాల వెంట పోతూ, అవసరమైనప్పుడు దాన్ని తిరగేసి బల్ల మీద కొట్టేవాడు. ఒక టక్కు అంటే ఆగు. రెండు టక్కులంటే కానీ, అంటే ముందుకు పోనీ. మూడు టక్కులు మళ్ళీ చదువు, ఏదో ఎగిరిపోయింది. పంతొమ్మిదేళ్ళుగా వాళ్ళిద్దరి సంసారం ఆ మూడు లెక్కల్తో నడిచిపోయింది.

కంచుకు ఈ పని నేర్పిన గురువు ఒకే ఒక సూత్రం చెప్పాడు. "ఒరే, మాట కంట్లో పడాలి, నోట్లోంచి పోవాలి. మధ్యలో బుర్రలోకి రానిచ్చావో, అల్లుడిలా తిష్టవేస్తుంది." అర్థం చేసుకుంటూ చదివేవాడు రచయిత తప్పును తనకు తెలియకుండానే దిద్ది చదివేస్తాడు. అప్పుడు రచయిత రాసిందొకటి, అచ్చయ్యేదొకటి అవుతుంది. కంచు ఆ సూత్రాన్ని ప్రాణంలా పట్టుకున్నాడు. చావుకబురు చదివినా, పెళ్ళిపాట చదివినా ఒకటే శృతి. ఆయన చదివిన కథల్లో ఎవరు ఎవర్ని చంపారో అడిగితే కింద మేస్త్రీ చెప్పాల్సిందే.

అలాంటి మనిషికి భయం ఎలా పట్టుకుందంటే, పదాల టీచరు పుస్తకం వల్ల.

ఆవిడ బడిలో పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకున్నావిడ. విశ్రాంతి తీసుకోవడం చేతగాక మాటల మీద పడింది. మనిషి ఒంట్లో ఒక్కో అవయవం నుంచి పుట్టిన మాటలన్నీ పోగుచేసి, అర్థం, పుట్టుక, ఉదాహరణ ఇచ్చి పుస్తకం వేయిస్తోంది. వారానికో అధ్యాయం టైపు చేసి పంపేది. మొదటి వారం కన్ను వచ్చింది. నాలుగో రోజుకి కంచుకు కంటికురుపు లేచింది. రెండో వారం ముక్కు. తుమ్ములతో ప్రూఫు తడిసింది. మూడో వారం పన్ను. దవడపన్ను పీకించుకోవాల్సి వచ్చింది.

"బావా, ఆవిడ రాస్తోంది పుస్తకం కాదు, నా జాతకం" అన్నాడు కంచు, బుగ్గ పట్టుకుని.

బావ నవ్వి రెండు టక్కులు కొట్టాడు. కానీ.

నాలుగో వారం గొంతు వచ్చింది.

అసలు ఆ కట్ట రాకముందే కంచు గొంతులో ఏదో మొదలైంది. ఉండలా ఏదో. మింగితే పోదు, కక్కితే రాదు. పొద్దున్నే అద్దం ముందు నోరు బార్లా తెరిచి టార్చిలైటు వేసుకుని చూసుకుంటుంటే భార్య తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడింది.

"ఏం కనిపిస్తోంది? పంతొమ్మిదేళ్ళు చదివిన పుస్తకాలన్నీ అక్కడే పేరుకున్నాయా?"

"నవ్వులాట కాదే. గొంతు పోతే నా ఉద్యోగం పోయినట్టే. గొంతు లేని కంచు ఎందుకు, కుండీ కిందకి పెట్టుకోవడానికా?"

"పోతే ఇల్లు కాస్త ప్రశాంతంగా ఉంటుంది" అంది గానీ, ఆవిడ మొహంలో నవ్వు లేదు. "ఈ నెల ఆఖరి గురువారం. పేరు రాయించి వచ్చాను. గొంతు డాక్టర్లు గురువారాలే వస్తారట. మళ్ళీ ఎగ్గొట్టారో, నేనే చెయ్యి పెట్టి తీస్తాను ఆ ఉండని."

కంచు గుటక వేశాడు. ఉండ కదిలింది. టార్చిలైటు వెలుతురు పైకప్పు మీదికి పోయింది.

ఆ రోజు ప్రూఫుగదిలో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని కట్ట విప్పాడు. సిరా వాసన, కింద యంత్రం దడదడ, ఎదురుగా బావ పెన్సిలు చెక్కుకుంటున్న చప్పుడు. అంతా మామూలే. చదవడం మొదలుపెట్టాడు.

"గొంతుకడ్డం పడు, కోలన్, మింగుడుపడక మధ్యలో నిలుచు, ఫుల్‌స్టాపు. ఉదాహరణ, కోలన్, రెండు నెలలుగా ఏదో గొంతుకడ్డం పడ్డట్టే ఉంది, కామా, మంచినీళ్ళు కూడా దిగడం లేదు, ఫుల్‌స్టాపు."

రెండు టక్కులు.

"గుటక, కోలన్, ఒక్కసారికి మింగేంత, ఫుల్‌స్టాపు. ఉదాహరణ, కోలన్, గుటక వేసినప్పుడల్లా లోపల గులకరాయి కదిలినట్టుంది, ఫుల్‌స్టాపు."

రెండు టక్కులు.

"గొంతు పోవు, కోలన్..." ఇక్కడ కంచు నాలుక మొట్టమొదటిసారి తడబడింది. "మాట శాశ్వతంగా పోగొట్టుకొను, ఫుల్‌స్టాపు. ఉదాహరణ, కోలన్, ఈ గొంతు పోక తప్పదు, కామా, తీసేస్తేనే ప్రాణం దక్కొచ్చని డాక్టరు తేల్చేశాడు, ఫుల్‌స్టాపు."

పంతొమ్మిదేళ్ళలో బుర్ర గుమ్మం తొక్కని మాటలు ఆ రోజు తలుపు నెట్టుకుని లోపలికొచ్చి, గురువు చెప్పిన అల్లుడిలా కాళ్ళు చాపుకుని కూర్చున్నాయి. ఇది తన సంగతే. ఉండ, గుటక, డాక్టరు, వరసగా. చెయ్యి దానంతటదే మెడ మీదికి పోయింది. చదవనా మాననా? కళ్ళు మాత్రం ఆగవుగా, వెధవ అలవాటు, కింద వాక్యం మీదికి జారాయి.

"పీకలమీదికి వచ్చు, కోలన్, ప్రాణాపాయం దగ్గరపడు, ఫుల్‌స్టాపు. ఉదాహరణ, కోలన్, ఈ నెల ఆఖరి గురువారమే కోత, కామా, వ్యవహారం పీకలమీదికి వచ్చింది..."

ఫుల్‌స్టాపు అనే మాట నోట్లోంచి రాలేదు.

ఆఖరి గురువారం. ఆయన భార్య పేరు రాయించి నాలుగు రోజులు కాలేదు. అంచున వేసిన తేదీ చూస్తే ఈ కాగితాలు టైపయి వారం దాటింది.

బావ తలెత్తకుండా ఒక్క టక్కు కొట్టాడు. ఆగినవాడికే ఆగు అని. కాసేపయ్యాక రెండు. కానీ అని. కంచు గొంతులో పచ్చివెలక్కాయ పడ్డట్టుంది, శబ్దం రాదు. "కడుపులో బాలేదు బావా" అని ఎలాగో గొణిగి, ఆ నాలుగు కాగితాలూ చొక్కాలో దోపుకుని మెట్లు దిగాడు. ప్రూఫుగదిలోంచి కాపీ బయటికి పోకూడదు. అదీ ఆయన ఎన్నడూ చెయ్యని పనే.

మేస్త్రీ యంత్రం పక్కనుంచి అరిచాడు. "ఏం కంచుగారూ, కథ మధ్యలో ఆపేశారు? ఆ కోత పడ్డాయన బతికాడా లేదా?"

మేస్త్రీకి కూడా అది కథలాగే వినబడిందన్నమాట. ఒకే మనిషి కథ.

పదాల టీచరు ఇల్లు రెండు వీధుల అవతల. ముందుగదినిండా చెప్పుల పెట్టెలు, పెట్టెల్లో చీటీలు. మధ్యలో ఆవిడ పీట మీద కూర్చుని చీటీలు పంచుతోంది, పేకముక్కల్లా.

"రా నాయనా. అధ్యాయం అయిపోయిందా అప్పుడే? గొంతెమ్మ కోరిక దగ్గర చూశావా, దానికీ గొంతుకీ సంబంధం లేదని రాశాను. అందరూ పొరపాటు పడతారు."

"టీచరుగారూ..."

"గళం దగ్గర కూడా జాగ్రత్త. మింగడం అనే ధాతువు లోంచి పుట్టింది. గళం అంటే అసలర్థం మింగేది అని. కుత్తుక మనదే, పొరుగు భాషలో దాని తోబుట్టువు ఉంది. గొంతుక్కూర్చోవడం మటుకు ఎక్కడినుంచి వచ్చిందో నాకు అంతుపట్టలేదు, ప్రశ్నార్థకం పెట్టాను. నువ్వు దాన్ని ఎగరగొట్టి చదివేవు!"

"టీచరుగారూ, నేను చచ్చిపోతానని మీకెవరు చెప్పారు?"

ఆవిడ చేతిలో చీటీలు ఆగిపోయాయి. కంచు చొక్కాలోంచి కాగితాలు తీసి, వేలితో ఒక్కో ఉదాహరణా చూపించాడు. ఉండ సంగతి చెప్పాడు. గురువారం సంగతి చెప్పాడు. కురుపు, తుమ్ములు, పన్ను, అన్నీ చెప్పాడు.

టీచరు కళ్ళజోడు సర్దుకుని నాలుగు కాగితాలూ మొదటినుంచి చివరిదాకా చదివింది. చదువుతున్నకొద్దీ ఆవిడ మొహంలో రంగు తగ్గింది.

"ఇవి నా వాక్యాలు కావు నాయనా. అర్థాలే నావి. ఉదాహరణలకి నోటి వాడుక కావాలని ఖాళీ చీటీలు అందరికీ పంచుతాను. బస్సు కండక్టరుకి, కూరలమ్మికి, మీ అచ్చాఫీసుకి. కన్నుకి ముప్పైమంది రాసిచ్చారు. గొంతుకి మాత్రం..." ఆవిడ లేచి ఓ పెట్టె దింపింది. "అన్నీ ఒకరే ఇచ్చారు. ఒకే రోజు."

"మరి మీకు అనుమానం రాలేదా? చదివితే తెలియడం లేదూ, ఇదంతా ఒక మనిషి గోడు అని?"

"వాడుక సరిగ్గా ఉందా లేదా అనే చూశాను." ఆవిడ గొంతు సన్నబడింది. "ఉదాహరణలో ఎవరైనా నిజం రాస్తారని ఎవరనుకుంటారు నాయనా?"

పెట్టె మూత తీసింది. చీటీల మీద గుండ్రటి, ఆవగింజల్లాంటి చిన్న అక్షరాలు. పక్కకి వాలని, ఒకదాన్నొకటి తాకని అక్షరాలు. పంతొమ్మిదేళ్ళుగా ప్రూఫుల అంచుల మీద కంచు రోజూ చూస్తున్న అక్షరాలు.

పెన్సిలు బావ రాత.

ముందు కంచుకు ఒళ్ళు మండిపోయింది. నా ఎదురుగా కూర్చుని, నేను దగ్గినవీ మూలిగినవీ రాసుకుని చీటీలకెక్కిస్తాడా? పైగా చచ్చిపోతానని కూడా కలుపుతాడా? కోపంగా చెప్పులేసుకుని వీధిలో పడ్డాడు. వెళ్ళి ఏమనాలో నడుస్తూ కూడబలుక్కుంటున్నాడు. ఏం బావా, అంటాను, నేను పోయాక నా కుర్చీలో మీ మేనల్లుణ్ణి కూర్చోబెడదామనా, అంటాను. దానికి వాడేమంటాడు? వాడు...

వీధి మధ్యలో ఆగిపోయాడు కంచు. వెనక సైకిలతను గంట కొట్టి, తిట్టి, పక్కనుంచి పోయాడు.

బావ ఏమంటాడో తలుచుకుందామంటే బావ గొంతు గుర్తుకు రావడం లేదు. మొహం గుర్తొస్తోంది. పెన్సిలు చెవిలో దోపుకోవడం గుర్తొస్తోంది. టక్కు గుర్తొస్తోంది. గొంతు ఎలా ఉంటుంది? సన్నగానా, బొంగురుగానా? ఆఖరిసారి ఎప్పుడు మాట్లాడాడు? నిన్న లేదు. పోయిన వారం పన్ను పీకించుకొస్తే నవ్వాడు. చప్పుడు లేకుండా నవ్వాడు. అంతకుముందు నెల, టీ తాగుదామా అంటే తలూపాడు. అంతకుముందు? మాట్లాడక్కర్లేని ఉద్యోగం. మూడు టక్కులతో సరిపోయే సంసారం. ఎదురుగా మూడడుగుల దూరంలో కూర్చున్న మనిషి గొంతు ఊడ్చుకుపోతుంటే, రోజుకు ఎనిమిది గంటలు తన గొంతే వింటూ కూర్చున్నాడు కంచు.

పరిగెత్తాడు. ఆ వయసులో, ఆ బొజ్జతో, చొక్కాలో కాగితాలు గరగరలాడుతుంటే.

బావ కుర్చీలోనే ఉన్నాడు. కంచు తలుపు మూసి, తన కుర్చీ లాక్కుని, ఆయాసం తీర్చుకోకుండానే ఆపినచోట అందుకున్నాడు. "ఉదాహరణ, కోలన్, ఈ నెల ఆఖరి గురువారమే కోత, కామా, వ్యవహారం పీకలమీదికి వచ్చింది, ఫుల్‌స్టాపు." కాగితం కింద పెట్టాడు. "ఎవరికి బావా కోత?"

రెండు టక్కులు. కానీ.

"కానివ్వను. చెప్పు."

రెండు టక్కులు, గట్టిగా.

కంచు చెయ్యి చాచి పెన్సిలు లాక్కున్నాడు. అప్పుడు బావ నోరు తెరిచాడు. వచ్చింది గొంతు కాదు. రేకు మీద ఆకురాయి రాసినట్టు ఓ గరగర.

"నాకే."

ఇంత పెద్ద గదిలో ఆ రెండక్షరాలు బల్ల దాటి రావడానికే కష్టపడ్డాయి.

"ఇంట్లో..."

బావ తల అడ్డంగా ఊపాడు. "ఐదుసార్లు చెబుదామనుకున్నా. పెగల్లేదు."

"మరి చీటీల మీద రాయడం దేనికి? నాతో అనొచ్చుగా!"

"నువ్వు పైకి చదువుతావుగా." ప్రతి మాటకీ మధ్య ఊపిరి కోసం ఆగుతున్నాడు. "ఎవరి నోటివెంటైనా ఒకసారి వింటే... భయం తగ్గుతుందేమోనని. నువ్వు చదువుతావు, వినవు కదా. ఎవరికీ తెలీదు. అనుకున్నా."

"తగ్గిందా?"

బావ చేతులు రెండూ బల్ల అంచు పట్టుకుని ఉన్నాయి. చీటీ రాసిన చేతులే. గోళ్ళు తెల్లబడ్డాయి.

ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి బావ ఇంటికి వెళ్ళారు. బావ ఉత్తరం రాశాడు, కంచు చదవాలి. అదీ ఒప్పందం. అక్కయ్య కుట్టుమిషను మీద దిండు గలీబులు కుడుతోంది. వీళ్ళిద్దర్నీ ఒక్కసారి చూసి, కాలు ఆపింది.

"ఏం తమ్ముడూ, ఆ మొహమేంటి? అచ్చాఫీసు గానీ కాలిపోయిందా?"

"కూర్చో అక్కయ్యా."

"కూర్చునే ఉన్నాగా."

కంచు కాగితం విప్పాడు. భయం వేసినప్పుడు మనిషికి వచ్చిన పనే దిక్కు. ప్రూఫుగది శృతి అందుకున్నాడు. "నీకు, కామా, చాలా రోజులుగా ఒక సంగతి చెప్పాలని ఉంది, ఫుల్‌స్టాపు."

"ఆ కామాలేంటి తమ్ముడూ మధ్యలో?"

"అలా అయితేనే నాకు వస్తుందక్కయ్యా, అడ్డు రాకు." చెమట తుడుచుకున్నాడు. "నా గొంతులో పుండు లేచింది, కామా, అది మంచిది కాదన్నారు, ఫుల్‌స్టాపు. గురువారం కోసి తీసేస్తారు, ఫుల్‌స్టాపు. గొంతు లేకుండా ఇంటికి వస్తాను, ఫుల్‌స్టాపు. నువ్వు..."

టక్. టక్. టక్.

బావ మిషను బల్ల మీద వేలి కణుపుతో కొట్టాడు. మళ్ళీ చదువు.

కంచు కాగితంలోకి చూశాడు. చూడక్కర్లేదు, ఏ మాట ఎగరగొట్టాడో తెలుసు. పంతొమ్మిదేళ్ళలో కావాలని ఎగరగొట్టిన ఒకే ఒక్క మాట. "గురువారం కోసి తీసేస్తారు, ఫుల్‌స్టాపు. గొంతు లేకుండా ఇంటికి..."

టక్. టక్. టక్.

"వదిలెయ్ బావా. ఆ ఒక్క మాటా లేకపోతే ఏం పోయింది?"

బావ కదలకుండా చూశాడు. తప్పున్న ప్రూఫును ఆ మనిషి ఎన్నడూ కిందికి పంపలేదు. ఆ రోజు కూడా పంపడు. కంచు కళ్ళు మూసుకుని తెరిచాడు. ఉండ పైకొచ్చి నాలుక మొదట్లో కూర్చుంది.

"బతికితే, కామా, గొంతు లేకుండా ఇంటికి వస్తాను, ఫుల్‌స్టాపు."

రెండు టక్కులు. మెల్లగా.

మిగిలిన నాలుగు వాక్యాలూ ఎలా చదివాడో కంచుకు తెలీదు. అక్కయ్య సూదిలోంచి దారం తెంపింది. దారపు కొసను వేలికి చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది.

"ఐదు నెలలుగా ఈయన గురక ఆగిపోయింది" అంది చివరికి. "ముప్పై ఏళ్ళు ఆ రంపపుకోత విని పడుకున్నదాన్ని. అది ఆగినప్పట్నుంచీ నాకు నిద్ర లేదు. ఊపిరాడుతోందో లేదో అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూనే ఉన్నా. ఈయనే చెప్తాడులే, ఈయనే చెప్తాడులే అని..." వేలికి చుట్టిన దారం లాగి పారేసింది. "మీ ఇద్దరికీ పుస్తకం కావాల్సొచ్చిందన్నమాట. టీచరమ్మా, అచ్చాఫీసూ, కామాలూ!"

గలీబు తీసి బావ మొహాన విసిరింది. తర్వాత లేచి వెళ్ళి ఆయన పక్కనే కూర్చుని, ఆ కణుపు వేలిని రెండు చేతుల్తో పట్టుకుంది. బావ భుజాలు వణకడం అప్పుడు మొదలైంది.

గురువారం పొద్దున్నే ఆసుపత్రి నడవాలో కంచు దంపతులు ఒక పక్క, అక్కయ్య ఒక పక్క. చక్రాల బల్ల మీద బావను లోపలికి తీసుకుపోయారు. తలుపు పైన అద్దం ముక్క చాలా ఎత్తుగా ఉంది. ముగ్గురూ మెడలు చాపి దానికేసి చూస్తూ కూర్చున్నారు. కంచుకు టీచరు కాపీలో చివరి కాగితం గుర్తొచ్చింది. ఉత్కంఠ. ఉత్ అంటే పైకి, కంఠం అంటే తెలిసిందే. మెడ పైకి చాచి ఎదురుచూడటం. ఆ మాట కట్టినవాడెవడో ఇలాంటి నడవాలోనే కూర్చుని ఉంటాడు. నాలుగు గంటలు గడిచేసరికి కంచు మెడ పట్టేసింది. అయినా దించితే లోపల ఏమైనా అవుతుందేమోనని దించలేదు.

మధ్యలో నర్సు వచ్చి కంచు పేరు పిలిచింది. తన వంతు కూడా ఆ రోజే అన్న సంగతి ఆయన మరిచేపోయాడు. పక్కగది డాక్టరు నాలుక లాగి పట్టుకుని, చిన్న అద్దం లోపలికి పెట్టి చూసి, "ఏమీ లేదు. పుల్లటి తేపులు. పరగడుపున టీ మానెయ్యండి" అన్నాడు.

"ఏమీ లేదా? సరిగ్గా చూశారా?"

"మీకేదో ఉండాలని ఉందా?"

కంచు బయటికొచ్చి గుటక వేశాడు. ఉండ లేదు. ఎప్పుడు పోయిందో గమనించలేదు. సంతోషించడానికి సిగ్గేసి, మళ్ళీ మెడ చాపి అద్దం ముక్కకేసి చూడటం మొదలుపెట్టాడు.

పొద్దు వాలే వేళకి తలుపు తెరుచుకుంది. బతికాడు. మెడ మీద కట్టు, కట్టులోంచి గొట్టం. గొంతు పోయింది, డాక్టరు ముందే తేల్చినట్టు. అక్కయ్య ముక్కు దగ్గర వేలు పెట్టబోయి, గాలి ఆ గొట్టంలోంచి వస్తోందని చూసి, వేలు అక్కడికి మార్చింది.

ఐదో రోజు కంచు గొంతు అధ్యాయం ఆఖరి కాగితం, దాని ప్రూఫు చంకలో పెట్టుకుని వార్డుకు వెళ్ళాడు. టీచరు కూడా వచ్చింది, చేతిలో చెప్పుల పెట్టెతో. పక్క మంచాలవాళ్ళు తలలు తిప్పారు. కంచు ప్రూఫును బావ కళ్ళకెదురుగా ఒళ్ళో నిలబెట్టిన దిండుకు పిన్ను పెట్టి, ఇనపకుర్చీ లాక్కుని, కంచులా ఖంగుమనకుండా, పక్కవాళ్ళకి ఇబ్బంది లేకుండా, మొట్టమొదటిసారి తను చదువుతున్నది తనూ వింటూ చదివాడు.

"ఉత్కంఠ, కోలన్, మెడ పైకెత్తి ఎదురుచూచుట, సెమీకోలన్, ఆతురత, ఫుల్‌స్టాపు. ఉదాహరణ, కోలన్..." టీచరు పాత ఉదాహరణ కొట్టేసి ఖాళీ వదిలింది. కంచు తల పైకెత్తి "ఇక్కడ ఏం పెడదాం బావా?" అన్నాడు.

బావ కళ్ళు మెరిశాయి. కుడిచేతి వేలు లేచి, మంచం ఇనపకమ్మీ మీద రెండుసార్లు మోగింది. టక్. టక్. కానీ.

ఇదీ కథ.

ఇప్పుడు గరిటె సంగతి. ఎవరైనా ఇప్పటికే పొయ్యిలో పెట్టి ఉంటే కాస్త పక్కకి తీసి ఉంచండి. ఆ రెండు టక్కులూ నేను కల్పించాను. చివర బాగుంటుందని పెట్టాను. ఆ రోజు బావ రెండు చేతులకీ సూదులున్నాయి, కదిపితే ఊరుకోనని నర్సు చెప్పి వెళ్ళింది. నిజానికి ఆయన కాలితో మంచాన్ని తన్నాడు. రెండుసార్లు కూడా కాదు, మూడుసార్లు. కంచు వింటూ చదివాడని చెప్పానుగా. ఆ మురిపెంలో ప్రూఫులో ఉన్న ఒక కామా ఎగరగొట్టేశాడు.